నొప్పి వండుకున్నవాళ్లు

పోయిన వారం చిన్నదాన్ని మనం ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? లాండ్రీలో, ఇస్త్రీ బల్ల పక్కన, నేల మీద. బల్ల మీద హోటలువాళ్ల తెల్ల దుప్పటి, దాని మీద సెగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టె, కింద కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్న మనిషి. జనం పరిగెత్తుకొచ్చింది దుప్పటి కాలిన వాసనకి. మనిషి మూలుగు అప్పటికే చాలాసేపటి నుంచి వినపడుతోంది, అయినా ఎవరూ కదల్లేదు. సరే, ఎలాగో మోసుకెళ్లి పెద్దాసుపత్రిలో పడేశారు. పెద్దాసుపత్రి అంటే అద్దాల మేడ అనుకునేరు. దాని వెనక ఉన్న పాత భవనం, ఉచిత విభాగం.

కబురు అందేసరికి చిన్నదాని అక్క కుట్టుమిషను మీద ఉంది. ఉన్నపళంగా లేచి వచ్చేసింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ఈ అక్కని ఇంట్లోవాళ్లూ వీధిలోవాళ్లూ అగ్గిపుల్ల అంటారు. ఎందుకో వేరే చెప్పాలా? ముక్కు మీద కోపం. బక్కపల్చని మనిషి, కానీ నోరు విప్పిందంటే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వెయ్యాల్సిందే. అమ్మ పోయిన దగ్గర్నుంచీ చిన్నదానికి అమ్మయినా, నాన్నయినా, తిట్టేదైనా, తినిపించేదైనా ఈమే. నిన్నటి నుంచి ఈ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. లోపలికి వెళ్లనివ్వరు, బయటికి పొమ్మనరు. అడిగితే, ‘డాక్టరుగారు వస్తారు, కూర్చో’ అంటారు.

చిన్నదానికి ఏడాదిగా ఇదే పాట. ఏం తిన్నా కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి, అక్కణ్నుంచి వీపులోకి పోటు. వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే గ్యాస్ అన్నారు, గులాబీరంగు మందు సీసా చేతిలో పెట్టారు. మళ్లీ వెళితే మళ్లీ గ్యాసే. ఇంకోసారి వెళితే, ‘ఊరికే ఏదో ఆలోచిస్తుంటావమ్మా, నీకంతా మనసులోనే’ అన్నారు. అప్పుడు అగ్గిపుల్ల స్వయంగా వెళ్లి బల్ల మీద చెయ్యి వేసి మరీ అడిగితే గానీ స్కాన్‌కి చీటీ రాయలేదు.

స్కాన్‌కేమో పెద్దాసుపత్రికి పరగడుపున రావాలి. తెల్లారకముందే వెళ్లి వరుసలో నిలబడింది చిన్నది. మధ్యాహ్నం దాటినా పిలుపు లేదు. కళ్లు తిరిగి పడబోతుంటే పక్కావిడ జాలిపడి టీ తాగించింది. తీరా లోపలికి వెళితే, ‘టీ తాగావా? అయితే ఇవాళ ఏం కనపడదు, ఇంకో రోజు రా’ అన్నారు. ఇంకో రోజు రావడమంటే ఇంకో రోజు పని మానుకోవడం. లాండ్రీలో పని మానుకుంటే తిరిగి వెళ్లేసరికి ఆ బల్ల దగ్గర ఇంకెవరో నిలబడి ఉంటారు. ఆ ‘ఇంకో రోజు’ దొరకడానికే కాలం పట్టింది. చివరికి పిత్తాశయం నిండా రాళ్లేనని తేలింది. ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. ‘పేరు రాసుకున్నాం, పిలుస్తాం’ అన్నారు.

ఆ పిలుపు ఇప్పటికీ రాలేదు. ఇదీ జరిగింది. ఇక కథలోకి వెళదాం.

వార్డు తలుపు తీసుకుని జూనియర్ డాక్టరమ్మ బయటికొచ్చింది. చిన్నదాని ఈడే ఉంటుంది. తెల్లకోటు మోచేతి దగ్గర ఏదో మరక, మొహంలో నిద్ర లేదు.

“ఆ అమ్మాయి తాలూకు మీరేనా?”

“అక్కనమ్మా. ఎలా ఉంది దానికి?”

“రాయి జారిందమ్మా. పిత్తాశయంలో ఉన్న రాయి కిందికి జారి, పసరు వెళ్లే గొట్టంలో ఇరుక్కుంది. దారి మూసుకుపోయింది. అందుకే కళ్లు పచ్చబడ్డాయి. పక్కనున్న క్లోమం వాచింది. ఇరుక్కున్నచోట చీము పడుతోంది. ఆ చలిజ్వరం దానివల్లే.”

“మరి తియ్యండి! చూస్తూ కూర్చుంటారేంటి?”

“నోట్లోంచి సన్నటి గొట్టం వేసి తియ్యాలి. ఇవాళే తియ్యాలి. ఆలస్యం చేస్తే విషం రక్తంలోకి పాకుతుంది. అప్పుడు ఎవరూ ఏం చెయ్యలేరు.” డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “కానీ ఇక్కడి మిషను పాడైపోయింది. బాగు చెయ్యమని రాశారు.”

“ఎప్పుడు రాశారు?”

“నేనిక్కడ చేరకముందు.”

అగ్గిపుల్ల మెడలో టేపు లాగి గుప్పిట్లో చుట్టుకుంది.

“ఇంకెక్కడా లేదా ఆ మిషను?”

డాక్టరమ్మ కిటికీలోంచి చూసింది. ఎదురుగా అద్దాల మేడ. ఒకే ఆసుపత్రి, ఒకే గేటు, ఒకే బోర్డు. మధ్యలో రేకులు కప్పిన నడవ ఒక్కటే అడ్డం. అటువైపున్నది డబ్బు కట్టేవాళ్ల విభాగం. అక్కడి మిషను కొత్తది, బంగారంలా పనిచేస్తోంది. ఇవాళ దానికి పెద్దగా పని కూడా లేదు.

“పెద్దవాళ్లని అడుగుతున్నానమ్మా. నా ప్రయత్నం నేను చేస్తున్నా.” డాక్టరమ్మ వెనక్కి తిరగబోయి ఆగింది. “ఒక్క మాట. నూనె ముట్టకూడదని ఆ అమ్మాయికి తెలుసు కదా? అంతంత వేపుడు ఎందుకు తింది? కక్కిందంతా నూనే.”

“ఎవరు, మా చిన్నదా? ఏడాదిగా నూనె మొహం చూడలేదమ్మా అది! చప్పిడి తిండి తిని తిని ఎముకలు తేలిపోయింది. మీరు ఇంకెవరినో చూసి ఉంటారు.”

“తనే చెప్పింది, తిన్నానని. ఎందుకని అడిగితే మాత్రం నోరు మెదపట్లేదు. ఒకసారి మీరు మాట్లాడండి,” అంటూ డాక్టరమ్మ తలుపు తీసి పట్టుకుంది.

వార్డులో ఫినాయిల్ వాసన. మంచానికీ మంచానికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత చోటు. చిన్నది గోడవైపు మంచం మీద ముడుచుకుని ఉంది. కళ్లు పచ్చగా, పెదాలు ఎండిపోయి. దుప్పటి కప్పినా వణుకుతోంది. ఆ దుప్పటికి ఇస్త్రీ అనేది ఏ కాలంలోనూ జరిగినట్టు లేదు. పక్క మంచం మీద ఒక పెద్దావిడ కూర్చుని దారంతో ఏదో అల్లుకుంటోంది.

“ఏమే, వేపుడు తిన్నావా?”

చిన్నది కళ్లు మూసుకుంది.

“నిన్నే అడుగుతున్నా. మతి ఉండే తిన్నావా? చావాలని ఉందా నీకు?”

“బతకాలనే తిన్నానక్కా.”

అగ్గిపుల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క మంచం పెద్దావిడకి మాత్రం వెంటనే అర్థమైపోయింది. అల్లిక పక్కన పెట్టి, చుట్టపు చూపుగా వచ్చిన మనిషితో మాట్లాడినట్టు తీరిగ్గా అందుకుంది.

“దాన్ని తిట్టకమ్మా. నొప్పి వండుకుని వచ్చింది, అంతే. నేనూ అలా వచ్చినదాన్నే. అదిగో, ఆ మూల మంచం, ఆ కిటికీ మంచం, వాళ్లూ అంతే.”

“నొప్పి వండుకోవడమేంటి?”

“ఓ, నీకు తెలీదా? ఇక్కడ నడుచుకుంటూ వచ్చి, అయ్యా నా కడుపులో రాళ్లున్నాయి అంటే పేరు రాసుకుని పంపేస్తారు. పిలిచేసరికి మనం ఉంటామో పోతామో. అదే కేకలు పెట్టుకుంటూ అత్యవసరం తలుపులోంచి వచ్చామనుకో, మంచం ఇచ్చి తీరాలి. అందుకని సెలవు చూసుకుని, బాగా నూనెలో వేయించినవేవో తిని, నొప్పి తెచ్చుకుని వస్తాం. నాకు రెండు గుడ్లకే వచ్చేసింది. అదృష్టవంతురాలివి అన్నారంతా.”

ఆ మాట అని పెద్దావిడ నవ్వింది. ఎంత మామూలుగా నవ్విందంటే, బస్సులో సీటు ఎలా సంపాదించిందో చెబుతున్నట్టు నవ్వింది. అగ్గిపుల్లకి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. వార్డు మొత్తం ఒకసారి చూసింది. వీళ్లంతా తమ నొప్పిని తమ చేత్తోనే వండుకుని, తమ నోటితోనే మింగి వచ్చినవాళ్లు. దేవుడా, పగవాడు కూడా ఇలాంటి తిండి తినకూడదు.

“నాకు రాలేదక్కా,” అంది చిన్నది సన్నగా. “సెలవు రోజు చూసుకుని తిన్నాను. సాయంత్రం దాకా ఎదురుచూశాను, రాలేదు. సెలవు వృథా అయిపోతుందని ఇంకా తిన్నాను. కక్కొచ్చేదాకా తిన్నాను. అయినా రాలేదు. ఏం చెయ్యను? మర్నాడు పొద్దున్నే పనికెళ్లిపోయాను. అక్కడికెళ్లాక వచ్చింది.”

ఏడవాలో తిట్టాలో తెలియక అగ్గిపుల్ల దాని నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

“ఈ దిక్కుమాలిన సలహా ఎవడిచ్చాడే నీకు?”

చిన్నది మళ్లీ గోడవైపు తిరిగిపోయింది. పెద్దావిడే అందుకుంది మళ్లీ.

“దిక్కుమాలిన సలహా అనకమ్మా, కళ్లు పోతాయి. లిఫ్టాయన చెప్పాడు. ఆ అద్దాల మేడలో లిఫ్టు నడుపుతాడే, పొట్టిగా, బట్టతల, మెత్తటి మనిషి. మాలాంటివాళ్లందరికీ ఆయనే దారి చూపించాడు. ఏ తల్లి కన్నదో గానీ, ఆయన పెళ్లాం పెట్టిపుట్టింది.”

ఆ పెట్టిపుట్టిన పెళ్లాం అక్కడే నిలబడి ఉందని పాపం ఆవిడకేం తెలుసు.

అగ్గిపుల్ల వార్డులోంచి ఎలా బయటపడిందో, రేకుల నడవ ఎలా దాటిందో ఆమెకే తెలియదు. అద్దాల మేడ వెనక మెట్ల కింద ఒక సందు ఉంది. లిఫ్టాయన భోజనం అక్కడే చేస్తాడు. అప్పుడే డబ్బా మూత తీస్తున్నాడు. పెళ్లాం మొహం చూడగానే మూత మళ్లీ పెట్టేశాడు. కాపురం చేసిన మనిషికి ఆ మొహం తెలియదా?

“చిన్నదానికి నువ్వేనా చెప్పింది?”

ఆయన డబ్బా మూత ఇంకా గట్టిగా నొక్కాడు.

“నువ్వేనా అంటున్నా!”

“నేనే.”

“నీ చేతుల్లో పెరిగిన పిల్ల కదయ్యా! బావా బావా అంటూ నీ వెనకాలే తిరిగింది. దానికి విషం తినమని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? నాతో ఒక్క ముక్క అనలేదేం?”

“నీకు చెబితే ఒప్పుకుంటావా?”

“చచ్చినా ఒప్పుకోను!”

“అందుకే చెప్పలేదు.” ఆయన డబ్బా పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. చేతులకి ఏమీ అంటుకోలేదు, అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. “కొంచెమే తినమన్నాను. నొప్పి రాగానే నాకు కబురు చెయ్యమన్నాను. ఆ రోజంతా అత్యవసరం తలుపు దగ్గరే కాపలా కాశాను, లిఫ్టు వదిలేసి. చిన్నది రాలేదు. నొప్పి రాలేదేమో, బాగుందేమో అనుకున్నాను. ఇలా అవుతుందని నాకు తెలుసా? చాలామందికి పని జరిగిందే దీనివల్ల.”

“పని జరగడమేంటయ్యా! మనుషులు కడుపులు పాడుచేసుకుని, కాల్చుకుని రావడం పని జరగడమా?”

“మరి ఏం చెయ్యమంటావు? నడిచొస్తే పేరు రాసుకుంటారు, అరిచొస్తే మంచమిస్తారు. ఈ పద్ధతి నేను పెట్టానా? మొన్నామధ్య ఒకావిణ్ని పైకి తీసుకెళ్లాను. ఎవరనుకున్నావు? మన చిన్నది పనిచేసే లాండ్రీ యజమాని భార్య. ఒళ్లంతా పరీక్ష చేయించుకుంటుంటే పిత్తాశయంలో రాయి కనపడిందట. నొప్పి లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. ఎందుకైనా మంచిదని తీయించేసుకుంది. నాలుగు చిన్న గాట్లు. మర్నాడు పొద్దున మళ్లీ నేనే కిందికి దింపాను. చక్కగా తల దువ్వుకుని, పువ్వుల గుత్తి పట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లింది. నాకు థాంక్స్ కూడా చెప్పింది.”

“నొప్పే లేకుండానా?” అంది అగ్గిపుల్ల.

“ఆవిడ మంచిదే,” అన్నాడు లిఫ్టాయన. “చిన్నది లాండ్రీలో నొప్పి అన్నప్పుడల్లా నూనె తగ్గించమ్మా అని చెప్పేదట. ఈ మేడలో ఆవిడకి కోసిన డాక్టరే ఆ పాత భవనంలోనూ కోస్తాడు. అవే చేతులు. కాకపోతే అక్కడికి వచ్చేసరికి మనవాళ్ల లోపలంతా కుళ్లిపోయి ఉంటుంది. చిన్న గాట్లతో పని కాదు, పొట్ట అడ్డంగా కొయ్యాలి. కోసినా బతుకుతారన్న నమ్మకం లేదు. రోజూ చూస్తున్నానే. మనిషి దొరకనప్పుడల్లా అక్కడ స్ట్రెచర్ తోసేది నేనే కదా.”

అని, అంతమాత్రం మాట్లాడటమే తన తప్పన్నట్టు, తల దించుకుని ఏడ్చేశాడు. అగ్గిపుల్ల చెయ్యి ఎత్తింది. కొట్టడానికే ఎత్తింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ చెయ్యి వెళ్లి ఆయన భుజం మీద పడింది. కోపం పోయిందా? పోలేదు. ఆ కోపమే ఆయన మీద నుంచి లేచి, తలెత్తి చూసింది, ఆ అద్దాల మేడవైపు.

అప్పుడే జూనియర్ డాక్టరమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

“మీ కోసమే వెతుకుతున్నా. సూపరింటెండెంటు గారు రమ్మంటున్నారు. త్వరగా రండమ్మా, బీపీ పడిపోతోంది తనకి.”

సూపరింటెండెంటు గది చల్లగా ఉంది. ఆయన చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు, టీ తెమ్మన్నాడు. తలుపు దగ్గర డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

“కూర్చోమ్మా. మీ చెల్లెలి సంగతి విన్నాను. చాలా బాధగా ఉంది.”

“బాధ తర్వాత పడొచ్చు సార్. ముందు దాన్ని అటు పంపించండి. మిషను అక్కడుంది, మనిషి ఇక్కడుంది. మధ్యలో నడవ ఒక్కటే కదా ఉంది.”

“పంపిద్దాం, పంపిద్దాం. ప్రత్యేకంగా, పైసా తీసుకోకుండా చేయిద్దాం. నేను మాటిస్తున్నాను.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కానీ నాకూ ఒక సాయం చెయ్యాలి నువ్వు. ఈ మధ్య మన దగ్గర ఒక జాడ్యం పట్టుకుంది. రోగులు కావాలని నొప్పి తెచ్చుకుని వస్తున్నారు. ఎవరో చెప్పి చేయిస్తున్నారు, మన సిబ్బందిలోనే ఎవరో. మీ చెల్లెలికే ఏదైనా అయితే రేపు పేపర్లో ఏం రాస్తారు? ఆసుపత్రి ఆలస్యం చేసి చంపేసిందంటారు. అది నిజం కాదు కదా? ఆ అమ్మాయి తనంతట తాను తెచ్చుకుంది. తెచ్చుకోమని ఒకరు చెప్పారు. ఆ ఒకరు ఎవరో చెప్పు. అంతే.”

అగ్గిపుల్ల చల్లటి గదిలో కూర్చుని చెమటలు కక్కింది. పేరు చెబితే మొగుడి ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఆగుతుందా? చిన్నదాని ప్రాణం మీదకి తెచ్చినవాడని కేసు పెడతారు. పేరు చెప్పకపోతే చిన్నది పోతుంది. ఏం మనుషులు వీళ్లు! చావుబతుకుల్లో ఉన్న పిల్లని పక్కన పెట్టుకుని బేరమాడుతున్నాడు, అదీ టీ తాగమని మర్యాద చేస్తూ.

“ముందు దాన్ని పంపించండి,” అంది పళ్లు బిగబట్టి. “అది అటు వెళ్లాక చెబుతాను.”

“మాట తప్పవుగా?”

“మేము తప్పం సార్.”

సూపరింటెండెంటు డాక్టరమ్మ వైపు చూసి తలాడించాడు. “తీసుకెళ్లండి.” డాక్టరమ్మ పరిగెత్తింది. కిటికీలోంచి చూస్తే, కాసేపటికి నడవలో స్ట్రెచర్ కనపడింది. తోసేవాళ్లు ఎవరూ దొరకలేదు కాబోలు, లిఫ్టాయనే తోస్తున్నాడు. పక్కన డాక్టరమ్మ సెలైను సీసా ఎత్తి పట్టుకుని ఏదో చెబుతూ నడుస్తోంది. లిఫ్టాయన ఒక్క క్షణం ఆగాడు, ఈ గది కిటికీ వైపు చూశాడు, మళ్లీ తొయ్యడం మొదలుపెట్టాడు. అద్దాల తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. అగ్గిపుల్లకి అప్పటికి గానీ ఊపిరాడలేదు.

“ఊఁ, చెప్పమ్మా. ఎవరు?”

“మీరే.”

“ఏంటీ?”

“మీరే సార్ చెప్పింది. ఇంకెవరు చెబుతారు?” అగ్గిపుల్ల లేచి నిలబడింది. “మా చిన్నది ఇక్కడికొచ్చి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారని అడిగిందా? అడిగింది. మీవాళ్లేమన్నారు? ‘ఇప్పుడు బాగానే ఉన్నావుగా, నొప్పి భరించలేనప్పుడు రా, అప్పుడు చూద్దాం’ అన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఈ చెవులతో విన్నాను. ఆ మాట ఇక్కడ ప్రతి మనిషికీ చెబుతారు. భరించలేనప్పుడు రావాలన్నారు, సరే, భరించలేనంత చేసుకుని వచ్చారు. మీరు పెట్టిన షరతేగా! తలుపు మీరు మూసి, తలకాయ పగలగొట్టుకున్నవాళ్లకే తీస్తామన్నారు. ఇప్పుడు తల ఎందుకు పగలగొట్టుకున్నావని అడుగుతారా?”

“అమ్మా, గొంతు తగ్గించు.”

“తగ్గించను! గ్యాస్ అన్నప్పుడు తగ్గించాం. మనసులోనే ఉందన్నప్పుడు తగ్గించాం. టీ తాగినందుకు వెనక్కి పంపితే నోరు మూసుకుని వెనక్కి వెళ్లాం. నొప్పి లేని ఆవిడకి ఆ పూటే మంచం దొరికింది. నొప్పితో చచ్చేదానికి ఏడాదైనా పిలుపు రాలేదు. నొప్పి ఎవరికుందో చూసే చోటు కాదా సార్ ఇది? మీ మిషను ఎప్పుడో పాడైంది. దాన్ని పాడు చేసిందెవరని ఎవర్నైనా పిలిచి అడిగారా? టీ ఇచ్చి, కుర్చీ వేసి అడిగారా?”

బంట్రోతు టీ పట్టుకుని గుమ్మంలో బిక్కచచ్చి నిలబడిపోయాడు. సూపరింటెండెంటు మొహంలో మర్యాద చెక్కుచెదరలేదు. ఆయన నెమ్మదిగా కళ్లజోడు పెట్టుకున్నాడు.

“మాట తప్పావమ్మా,” అన్నాడు.

“తప్పలేదు. చెప్పినవాళ్లెవరో చెప్పాను.”

బల్ల మీద ఫోను మోగింది. ఆయన తీశాడు. అవతల డాక్టరమ్మ. గొంతు ఎంత గట్టిగా ఉందంటే, బల్లకి ఇవతల ఉన్న అగ్గిపుల్లకి కూడా ప్రతి మాటా వినపడింది.

“సార్, కౌంటరు దగ్గర ఆపేశారు. అడ్వాన్సు కట్టందే పైకి పంపమంటున్నారు. మీరు పంపమన్నారని చెప్పాను. వాళ్లకి మీ నుంచి ఏమీ రాలేదట. మీరు ఒక్క మాట చెబితే చాలు సార్. పేషెంటు మాట్లాడటం మానేసింది.”

అగ్గిపుల్ల అద్దాల తలుపు తెరుచుకోవడం చూసి ఊపిరి పీల్చుకుంది గానీ, ఆ తలుపు లోపల ఇంకో తలుపు ఉందని తట్టలేదు. ఈ మనిషికి ముందే తెలుసు. తీసుకెళ్లండి అని నోటితో అన్నాడు గానీ, ఫోను ముట్టుకోలేదు. తాళంచెవి జేబులోనే పెట్టుకున్నాడు.

ఆయన ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

“ఇంకోసారి అడుగుతున్నానమ్మా. ఎవరు చెప్పారు?”

అగ్గిపుల్ల నోరు తెరిచింది. ఏ మాట బయటికి రాబోతోందో ఆమెకే తెలియదు. చిన్నదాని వేడి నుదురు ఒక పక్క, మెట్ల కింద తల దించుకుని ఏడ్చిన మనిషి ఒక పక్క. ఏదో ఒకటి చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి.

“సార్, దండం పెడతాను,” అంది. అగ్గిపుల్ల నోటి నుంచి ఆ మాట ఇంతకుముందు విన్నవాళ్లెవరూ లేరు. “దాన్ని పైకి పంపించండి. కేసు నా మీద పెట్టుకోండి. నేనే తినిపించానని రాసుకోండి.”

“నువ్వు మా సిబ్బంది కాదుగా. నాకు కావలసింది నువ్వు కాదు.”

ఫోనులో ఏదో గొడవ వినపడింది. ఎవరో ఎవరి చేతిలోంచో ఫోను లాక్కున్నట్టు. తర్వాత ఒక గొంతు, అరచెయ్యి అడ్డం ఉన్నా ఆగకుండా గదిలోకి వచ్చేసింది.

“సార్, నేను లిఫ్టు నడిపేవాణ్ని మాట్లాడుతున్నా. డాక్టరమ్మ నాకు చెప్పింది, మీరు పేరు అడుగుతున్నారని. ఆ పేరు నాదే సార్. అందరికీ చెప్పింది నేనే. మా ఆవిడకి దీంతో ఏం సంబంధం లేదు, దాన్నేమీ అనకండి. పిల్లని లోపలికి తీసుకోమని కౌంటరులో చెప్పండి సార్. ఇదిగో, కౌంటరమ్మాయి పక్కనే ఉంది, ఫోను ఇస్తున్నా. ఒక్క మాట చెప్పండి.”

సూపరింటెండెంటు అంతా విన్నాడు. విని, ఫోను నెమ్మదిగా పెట్టేశాడు. కౌంటరుకి ఒక్క మాట కూడా చెప్పలేదు.

తర్వాత గుమ్మంలో బంట్రోతు చేతిలో ఉన్న ట్రే వైపు చూసి, టీ లోపల పెట్టమని సైగ చేశాడు.

“పేరు దొరికింది కదమ్మా,” అన్నాడు. “ఇక నువ్వు వెళ్లొచ్చు.”